సరంగు చివరి మాట

మా పెదనాయన, అంటే మా నాయనకు అన్న, జన్మకంతా ఒకే ఒక్క నవల రాశాడు. అది సముద్రం మీద నవల. మనిషి చూస్తే తిరుత్తణి బజారు వీధిలో తాళ్ళ అంగడి పెట్టుకున్నవాడు. చేదతాళ్ళు, ఎద్దుల పలుపులు, బండి మోకులు, కొబ్బరిపీచు చుట్టలు, వడ్లు ఎండబోసుకునే టార్పాలిన్లు, వీటి మధ్య కూర్చుని ఓడలూ తుఫానులూ రాశాడు. అది వారపత్రికలో వారం వారం వచ్చి, పుస్తకమై, అద్దె లైబ్రరీల్లో అట్టలు చినిగిపోయి, మళ్ళీ మళ్ళీ అచ్చయింది. తెలుగులో సముద్రం నవల అంటే అదే అనే వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నవల పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన పేరు తెలిసిపోతుంది. పేరు బయటపడడం ఆయనకు ఎప్పుడూ ఇష్టం ఉండేది కాదు.

"తమరు ఏ ఓడలో పనిచేశారు?" అని బందరు నుంచీ కాకినాడ నుంచీ ఉత్తరాలు వచ్చేవి. వాటిని మొదట చదివేది మా పెద్దమ్మ, ఆయన భార్య. చదివి, వచ్చిన బేరగాళ్ళు వినేటట్టు గట్టిగా అనేది.

"ఓడ యాడ, ఈయన యాడ! పొన్నేరి బస్సెక్కితేనే కిటికీలోనించి తల బయట పెడతాడు."

అది నిజమే. కదిలేది ఏదైనా ఆయన కడుపుకు పడేది కాదు. అయినా సంతరోజున తాళ్ళ చుట్టలు వేసుకుని పొన్నేరి పోయేవాడు. సముద్రం ఒడ్డున ఉన్న పళవేర్కాడు నుంచి చేపలు పట్టేవాళ్ళు అక్కడికి వచ్చి తాళ్ళు కొనేవాళ్ళు. వాళ్ళతో ఒక ముసలాయన వచ్చేవాడట. ఒకప్పుడు తెరచాప ఓడల్లో సరంగుగా చేసినవాడు. సరంగు అంటే ఓడలో కళాసీలందరికీ పెద్ద. పెదనాయన ఆయన్ని తాళ్ళ చుట్ట మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, అడిగి అడిగి విన్నాడు. ముందు ముడులు నేర్చుకున్నాడు, తర్వాత గాలుల పేర్లు, తర్వాత బూతులు. బూతులు నవలలో పెట్టలేదు గానీ, అంగట్లో మూట కాలి మీద పడితే మాత్రం అవే వచ్చేవి.

ఆయన ఓడ ఎక్కింది ఒక్కసారి. మా బంధువు ఒకాయన మద్రాసు రేవు నుంచి సింగపూరుకు లుంగీ బేళ్ళు పంపేవాడు. ఆయన తోడు పిలిస్తే పెదనాయన కాగితాలన్నీ సిద్ధం చేసుకుని, మంచి చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. ఓడ మెట్లెక్కాడు. పైన నిలబడి ఒక కాఫీ తాగేంత సేపు చుట్టూ చూశాడు. నిచ్చెన తీసేస్తారనగా దిగి వచ్చేశాడు. మరునాడు పొద్దున అంగడి తెరిచాడు. ఆ నెలలోనే నవల మొదలుపెట్టాడు.

"ఎందుకు దిగేసినావు పెదనాయనా?" అని నేను చిన్నప్పటి నుంచీ అడుగుతూనే ఉండేదాన్ని.

"కడుపులో తిప్పింది పాపా" అనేవాడు. రేవులో కట్టేసిన ఓడలో కడుపు ఎట్లా తిప్పుతుందో ఆయనకే తెలియాలి.

నవల కథ రెండు మాటల్లో చెబుతాను, చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. మన తీరం నుంచి ఉప్పూ గుడ్డలూ వేసుకుని ఒక ఓడ తూర్పుకు పోతుంది. తుఫానులో పగిలిపోతుంది. బతికినవాళ్ళు ఒక దీవికి చేరతారు. ఏళ్ళు గడుస్తాయి. జబ్బులకు కొందరు, తగాదాలకు కొందరు పోతారు. ఆఖరికి సరంగు ఒక్కడు మిగులుతాడు. దీవి అలవాటై, గుడిసె, మేకలు, చచ్చిపోయినవాళ్ళ గోరీలు, అన్నీ తనవి అయిపోయిన తర్వాత, ఒకరోజు ఒక ఓడ వస్తుంది. పడవ దించి వచ్చిన వాళ్ళు, "వస్తావా?" అని అడుగుతారు. సరంగు సముద్రం వైపు చూసి ఒక్క మాట అంటాడు. ఆ మాటతో నవల అయిపోతుంది.

ఆ మాట "పోదుం".

మిగతా తెలుగువాళ్ళు పోదాం అంటారు. మా ఇంట్లో పోదుం అంటాం. గుడికి పోదుం, అంగడికి పోదుం, లెయ్ లెయ్ పోదుం. నవలలో సరంగు మా ఇంటి మాటే మాట్లాడతాడు. తెలుగు చదివిన ప్రతివాడికీ ఆ చివరి మాట అర్థమైంది. ముసలాయన పడవెక్కి మళ్ళీ సముద్రానికి పోయినాడు. అయితే మేము ఉండేది తిరుత్తణిలో. ఇక్కడ వీధిలో ఆ శబ్దానికి వేరే అర్థం ఉంది. తమిళంలో పోదుం అంటే చాలు.

నేను ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తర్వాత తమిళం టీచరునే అయ్యాను. తెలుగు మాట్లాడడమే గానీ ఒక్క అక్షరం చదవడం రాదు. మా తరం వాళ్ళు ఇక్కడ చాలామంది అంతే. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, బడి సెలవుల్లో, పెదనాయన అన్నాడు.

"బందరోళ్ళు చదివినారు, మన తిరువళ్ళూరోళ్ళు చదవద్దా? నేను చదువుతా, నువ్వు అరవంలో రాసుకో."

మధ్యాహ్నం అంగడి మూసే రెండు గంటలు మా పని. ఆయన పుస్తకం పట్టుకుని పైకి చదివేవాడు. నేను టార్పాలిన్ల మీద బోర్లా పడుకుని నోటుబుక్కులో తమిళం రాసేదాన్ని. నాకు అప్పుడు పొగరు కొంచెం ఎక్కువ. "ఈ వాక్యం తమిళంలో ఇట్లా నిలవదు" అని ఆయన్నే దిద్దేదాన్ని. ఆయన నవ్వి సరే అనేవాడు. రెండు నెలలకు చివరి పేజీకి వచ్చాం. ఆయన గొంతు తగ్గించి, "సరంగు సముద్రం వైపు చూసి, పోదుం అన్నాడు" అని చదివాడు.

అంతకు ముందు అధ్యాయాల్లో లంగరు ఎత్తిన ప్రతిసారీ సరంగు పోదుం అంటాడు. అక్కడంతా నేను సరిగ్గానే, పోవోం అని, వెళ్దాం అనే అర్థంలో తమిళం చేశాను. ఇక్కడ మాత్రం నా చెవి తమిళం చెవి అయిపోయింది. అన్నేళ్ళు అలిసిపోయిన ముసలివాడు, చచ్చిపోయిన వాళ్ళ మధ్య కూర్చున్నవాడు, ఇంకేమంటాడు? చాలు అంటాడు. నన్ను వదిలేయండి, చాలు. ఆ శబ్దాన్ని ఆ శబ్దంగానే తమిళ అక్షరాల్లో రాసేశాను. రాస్తూ ఏడ్చాను. పెదనాయన నా నోటుబుక్కు తీసుకుని ఆ పేజీ చూశాడు. ఆయనకు తమిళం బాగా వచ్చు. మూసి ఇచ్చేశాడు.

తమిళ పుస్తకం కూడా బాగా పోయింది. తిరువళ్ళూరు గ్రంథాలయంలో సభ పెట్టి, "ఎన్న ముడివు! ఎన్న ముడివు!" అని, ఏం ముగింపు, ఇట్లాంటి ముగింపు ఎవరు రాయగలరని ఒక పెద్దాయన తల ఊపి ఊపి మెచ్చుకున్నాడు. వాళ్ళకు నచ్చింది అదే, ఓడ వచ్చినా ఎక్కని సరంగు. నేను రెండో వరసలో కూర్చుని మురిసిపోయాను.

నలభై దాటాక నాకు తెలుగు అక్షరాలు నేర్పింది పెదనాయనే. పిల్లలకు అ ఆలు దిద్దించే నేను అంగట్లో కూర్చుని అ ఆలు దిద్దుకున్నాను. ఒత్తులు తప్పితే బేరగాళ్ళ ముందే మొట్టికాయ వేసేవాడు. కొంచెం చదవడం వచ్చాక ఆయనకు వచ్చే ఉత్తరాలు నన్నే చదవమన్నాడు. అట్లా ఒకరోజు నెల్లూరు దగ్గర నుంచి వచ్చిన కార్డు కూడబలుక్కుని చదివాను. "అయ్యా, సరంగు ఆ పడవలో ఎక్కి వెళ్ళిన తర్వాత ఏ రేవుకు చేరాడు? రెండో భాగం రాయండి" అని ఉంది.

ఎక్కి వెళ్ళడమేమిటి అనుకున్నాను. పుస్తకం తీసి చివరి పేజీ చూశాను. నా కళ్ళతో చదివితే గానీ నా చెవి చేసిన పని తెలియలేదు. బడిలో పిల్లవాడు అట్లాంటి తప్పు రాస్తే నేను ఊరంతా చెప్పి నవ్వి ఉందును.

"పెదనాయనా, నీకు తెల్సునా?"

"అపుడే తెల్సు."

"తెల్సి ఎందుకు దిద్దలేదు?"

"నువ్వు ఏడస్తా రాసింటివి పాపా. దిద్దేదానికి మనసు రాలేదు."

"మరుసటి అచ్చులో మారుస్తాం."

"వద్దు. అట్లే ఉండనీ. తెలుగు సరంగు పోయినాడు, అరవ సరంగు నిలిచిపోయినాడు. దాంట్లో తప్పేముండాది? నేను గూడా దిగేసి వచ్చినోణ్ణే గదా."

ఆయన అంత తేలిగ్గా అనేశాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచీ ఆయన ఏ మాటన్నా రెండుసార్లు అడిగే అలవాటు పట్టుకుంది. "అంటే ఏందంటావు?" అని నేను గుచ్చి గుచ్చి అడిగితే ఆయనకు విసుగొచ్చేది.

పోయిన ఏడు తమిళుల ఆడి నెలలో, ఎనభై నాలుగేళ్ళ వయసులో, పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారి పెదనాయన ఒక పక్కకు ఒరిగిపోయాడు. ఆడి కృత్తిక రోజులు. బజారు వీధి నిండా కొండ మీది గుడికి కావళ్ళు మోసుకుపోయే జనం. ఆంబులెన్సు ఆ జనంలో ఇరుక్కుని ఒక్కో అడుగూ జరుగుతుంటే, నేను ముందు సీటులో కూర్చుని జనాన్ని తిట్టాను, దేవుణ్ణి తిట్టాను, డ్రైవరును కూడా తిట్టాను. తిట్టడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. తిరువళ్ళూరులో ఆసుపత్రికి చేరేసరికి ఆయన కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి.

పెద్దమ్మకు పిల్లలు లేరు. నేనూ ఆమే ఆసుపత్రి వరండాలో బెంచీ మీద రోజులు లెక్క మరిచిపోయాం. నాలుగో రోజో అయిదో రోజో, నర్సు పక్కకు తిప్పుతుంటే, ఆయన నోట్లోంచి ఒక మాట వచ్చింది. స్పష్టంగా వచ్చింది.

"పోదుం."

పెద్దమ్మ ఎగిరి గంతేసినంత పని చేసింది. "మాట వచ్చేసింది, చూడు! ఇంటికి పోదుం అంటాండాడు!" నర్సు తమిళ పిల్ల. ఆమె జాలిగా నా వైపు చూసి, "పోదుంగ్రారు మా, పావం" అంది. చాలంటున్నాడమ్మా, పాపం అని. ఒకే మాటకు ఒకావిడ నవ్వుతోంది, ఇంకో పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. నేను మధ్యలో నిలబడ్డాను.

ఆ తర్వాత ఇంకో మాట రాలేదు. అదొక్కటే. నీళ్ళతో పెదవులు తడిపితే పోదుం, దుప్పటి కప్పితే పోదుం, సూది గుచ్చితే పోదుం. మింగడం కష్టమైందని ముక్కులోంచి గొట్టం వేసి పాలూ గంజీ పోసేవాళ్ళు. ఎడమ చేత్తో దాన్ని పీకేశాడు. పీకి పోదుం అన్నాడు. మళ్ళీ వేశారు. మళ్ళీ పీకాడు. మూడోసారి ముక్కులోంచి రక్తం వచ్చింది.

డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదైన మనిషి. మమ్మల్ని గదిలోకి పిలిచి తమిళంలో విడమరిచి చెప్పింది. చెయ్యి మంచానికి కట్టేసి గొట్టం ఉంచవచ్చు. లేదంటే మద్రాసు తీసుకుపోయి కడుపుకు రంధ్రం పెట్టించవచ్చు, కానీ ఈ వయసులో తట్టుకుంటాడని ఆమె మాట ఇవ్వలేదు. అదీ కాదంటే గొట్టం లేకుండా ఇంటికి తీసుకుపోయి, చెంచాతో, జాగ్రత్తగా, పోయినంత పోయాలి. ఊపిరితిత్తుల్లోకి దిగితే మాత్రం ఎక్కువ రోజులు ఉండడు.

"ఆయనకు ఏది కావాలో మీకు తెలుసా? ఇంతకు ముందు ఎప్పుడైనా చెప్పారా?"

చెప్పలేదు. ఏ గాలికి తెరచాప ఎట్లా తిప్పాలో రాసిన మనిషి, తన సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పిల్లలకు సామెత చెప్పేదాన్ని. దాని అర్థం నాకు ఆ గదిలో తెలిసింది.

పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఆయన పుస్తకం అరవం చేసిందానివి నువ్వు. ఆయన మాట నీకు తెలియకుండా ఎవరికి తెలుస్తాది? నువ్వు అడుగు. అడిగి చెప్పు."

అడిగాను. "పెదనాయనా, ఇంటికి పోదుమా?"

"పోదుం."

"ఇదంతా చాలా? ఇంక వద్దా?"

"పోదుం."

"గొట్టం పెట్టమనాల్నా?"

"పోదుం" అన్నాడు, అంతే ఓపికగా. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

మరునాడు నాకు ఒక ఉపాయం తోచింది. టీచరు బుద్ధి. పలక కొనుక్కొచ్చి సుద్దముక్కతో మధ్యన గీత గీశాను. ఎడమ వైపు తెలుగులో పోదుం అని, కుడి వైపు తమిళంలో పోదుం అని పెద్ద అక్షరాలతో రాశాను. రెండు లిపులూ ఆయనకు కొట్టిన పిండి. పలక ఆయన గుండె మీద నిలబెట్టి, "ఏదో చూపించు పెదనాయనా" అన్నాను. ఆయన చాలాసేపు చూశాడు. ఎడమ చెయ్యి లేపి తెలుగు మాట మీద వేలు పెట్టాడు.

పెద్దమ్మ ఏడ్చేసింది. నేను కూడా. పోదాం అంటున్నాడు, బతకాలంటున్నాడు, మద్రాసుకైనా పోదాం అంటున్నాడు. పరుగెత్తి డాక్టరమ్మను పిలుచుకొచ్చాను. ఆమె పలక చూసింది, ఆయన్ని చూసింది. "ఒకసారి తిప్పి రాయండి" అంది.

తిప్పి రాశాను. తమిళం ఎడమకు, తెలుగు కుడికి. ఆయన వేలు తమిళం మీద పడింది.

ఆమె అప్పుడు చెప్పింది. దెబ్బ తగిలింది మెదడులో ఎడమ పక్కన. ఆయనకు కుడి వైపు ప్రపంచం కనపడడం లేదు. కుడి పక్కన ఉన్నది ఆయన లెక్కలో లేనట్టే. అంతకు ముందు రోజే, కుడి వైపు స్టూలు మీద కూర్చున్న పెద్దమ్మ, "నా మొగం గూడా చూడడు, ఏం కోపమో" అని చిన్నబుచ్చుకుంది. కోపం కాదు, ఆమె అక్కడ ఉన్నట్టే ఆయనకు తెలియదు. నా పలక మీద కూడా ఒక్క మాటే ఉంది ఆయనకు. నేను ఏది చూపిస్తే అది ముట్టుకున్నాడు.

పలక తుడిచేశాను.

రెండు రోజుల తర్వాత ఆయన ఎడమ చెయ్యి మంచానికి కట్టేశారు. మెత్తటి గుడ్డతోనే కట్టారు, ముడి బాగానే వేశారు. జన్మంతా తాళ్ళమ్మిన మనిషి ఆ ముడి వైపు చూసి, కట్టేసిన ఆ చేతి వేళ్ళతోనే విప్పుకోవాలని చూశాడు. వేళ్ళకు పట్టు చిక్కలేదు. ఆయన నా వైపు చూసి పోదుం అన్నాడు. నేను ఆ గదిలో ఉండలేకపోయాను.

డాక్టరమ్మ కాగితం ముందు పెట్టి, "ఏమంటున్నారు?" అని అడిగింది. ఇంటికి తీసుకుపోవాలా వద్దా అని.

"పోదుం అంటున్నాడు" అన్నాను తమిళంలో. ఆమె చాలు అని విని, అర్థమైందన్నట్టు తల ఊపింది. నేను సంతకం పెట్టి వరండాలోకి వచ్చాను. "ఏమన్నాడు?" అంది పెద్దమ్మ. "పోదుం అంటాండాడు" అన్నాను తెలుగులో. ఆమె సంతోషంగా దుప్పట్లు మడత పెట్టడం మొదలుపెట్టింది. ఒక్క అక్షరం మార్చకుండా ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ తమకు కావలసింది విన్నారు. నా బతుకులో అంత సులువైన అనువాదం చేయలేదు, అంత పిరికిది కూడా.

ఇక్కడ ఒక నిజం రాయాలి. ఆయనకేం కావాలో నాకు తెలియదు. నాకేం కావాలో మాత్రం తెలుసు. బెంచీ మీద నడుము పడిపోయింది. ఆ గొట్టం, ఆ రక్తం, ఆ ముడి చూడలేను. ఇది ఎట్లాగో ఒకట్లా అయిపోవాలి అనుకున్నాను. చాలు అన్నది ఆయనో కాదో గానీ, నేను మాత్రం అన్నాను.

ఇంటికి వచ్చాక పెద్దమ్మా నేనూ వంతులు వేసుకుని గంజి పోశాం. గడ్డం గుండెకు ఆనించి, చెంచాలో సగం, మింగిన తర్వాత ఇంకో సగం. రెండు మూడు చెంచాలు పోయాక ఆయన పోదుం అనేవాడు. నేను ఆపేసేదాన్ని, చాలంటున్నాడని. పెద్దమ్మ వంతు వచ్చినప్పుడు అదే మాటకు ఆమె ఇంకో చెంచా పోసేది.

"పెద్దమ్మా, చాలంటాండాడు గదా!"

"కాదు పాపా. ఇంగా పోదుం, ఇంగా కానీ అంటాండాడు. మింగతాండాడు చూడు."

నిజంగా మింగేవాడు. ఒకరోజు ఆమె పోస్తుండగా పొరబోయింది. మొహం నల్లబడిపోయేంత దగ్గు. అది తగ్గాక నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. పెద్దమ్మ చేతిలో గిన్నె లాక్కుని, "ఇంగ నువ్వు ముట్టొద్దు. చంపేస్తావు" అన్నాను. ఎనభై ఏళ్ళ మనిషిని, ఆయన కట్టుకున్న భార్యను, అంత మాట అన్నాను. ఆ రోజు నుంచీ ఆమె మంచం పక్కన కూర్చుని చూస్తూ ఉండేది, అంతే.

నేను డాక్టరమ్మ చెప్పినట్టే చేశాను. జాగ్రత్తగా పోశాను, ఆయన మాట అనగానే ఆపాను. మళ్ళీ పొరబోలేదు. రోజురోజుకూ చెంచాలు తగ్గాయి. మాట మొదటి చెంచాకే వచ్చేది, నేను అప్పుడే ఆపేదాన్ని. ఆయన చెంపలు లోపలికి పోయాయి. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి చూసి, పెద్ద ప్రాణం, బాధ లేకుండా పోతోంది అన్నారు. నాకూ అట్లాగే అనిపించింది, లేదా అట్లా నమ్ముకున్నాను.

ఆఖరి పొద్దున ఒక చెంచా పోశాను. పోదుం అన్నాడు. సరే అని గిన్నె ఆయన ఎడమ పక్కన కిటికీ గట్టు మీద పెట్టి, నోరు తుడిచాను. ఆయన కళ్ళు గిన్నె వైపు తిరిగాయి. ఎడమ చెయ్యి కొంచెం లేచింది, గట్టు దాకా పోయి, గిన్నె అంచుకు తగిలి ఆగింది. "పోదుం" అన్నాడు మళ్ళీ. గొట్టం పీకేసినట్టే దీన్నీ తోసేస్తున్నాడు, వేడి గంజి మీద పడుతుంది అనుకుని, గిన్నె తీసి కుడి వైపు స్టూలు మీద పెట్టాను. ఆయన చెయ్యి గట్టు మీద కాసేపు తడుముకుని ఊరుకుంది. తర్వాత కళ్ళు మూసుకున్నాడు. మధ్యాహ్నం దాటకుండానే ప్రాణం పోయింది.

కర్మలు అయిపోయాక, వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయాక, పెద్దమ్మా నేనూ పెరట్లో గిన్నెలు తోముతున్నాం. ఆమె చాలా రోజులుగా నాతో సరిగా మాట్లాడలేదు. ఆ రోజు తల ఎత్తకుండా, కోపం కూడా లేకుండా అంది.

"ఆ పొద్దున అన్నం అడిగినాడు పాపా. నేను చూస్తిని."

గిన్నెను ఆయనకు కనపడని కుడి వైపుకు మార్చింది నేనే.